సీటుకూ చదువుకూ మధ్య మూడు వారాలు

ప్రతి ఏడాదీ జూలై మొదటి వారంలో జూనియర్ కళాశాలలకు ఒక రకం దరఖాస్తులు వస్తాయి. తెల్లకాగితం మీద నాలుగే వాక్యాలు. ‘ఎంపీసీ గ్రూపులో పాఠాలు అర్థం కాకపోవుట వలన నన్ను సీఈసీ గ్రూపునకు మార్చవలసినదిగా కోరుచున్నాను.’ కింద విద్యార్థి సంతకం, పక్కన తండ్రి వేలిముద్రో వంకర అక్షరాల సంతకమో. గణిత అధ్యాపకుడిగా దాని మీద సిఫారసు వాక్యం రాసి సంతకం పెట్టడం నా విధుల్లో ఒకటి. ఇరవై ఏళ్లకు పైగా ఆ పని చేస్తున్నాను. ఎన్ని సంతకాలు పెట్టానో గుర్తులేదు గానీ, వాటిలో ఒకదాన్ని మాత్రం మరచిపోలేకపోతున్నాను.

పదహారేళ్ల నాటి మాట. ఆ అబ్బాయి మాదిగవాడ నుంచి వచ్చాడు. తల్లిదండ్రులు పాలమూరు కూలీలు, పుణెలో ఇళ్లు కట్టే పనిలో ఉండేవారు. అయిదో తరగతి నుంచీ సంక్షేమ హాస్టల్లోనే పెరిగి, పదో తరగతి గణితంలో 82 మార్కులు తెచ్చుకున్నాడు. జూన్ రెండో వారంలో ఎంతో ఇష్టంగా ఎంపీసీలో చేరాడు. మూడు వారాలు గడిచేసరికి ఆ కాగితం పట్టుకొని నిలబడ్డాడు. తండ్రి ఊళ్లో లేడు కాబట్టి దాని మీద అవ్వ వేలిముద్ర ఉంది.

‘తెలుగుల అయితే వస్తది సార్. బోర్డు మీద ఉన్నది లెక్కనా, ఇంగ్లీషు పాఠమా సమజైతలేదు’ అన్నాడు. వెంట వచ్చిన అవ్వ ఒకటే మాట అంది: ‘ఏదో ఒకటి సదువనియ్యి సారూ, బడి మాననియ్యకు.’ ఆమె మాట నాకు అప్పుడు చాలా న్యాయంగా తోచింది. పిల్లవాడు చదువు మానేయడం కంటే గ్రూపు మారడం నయం కదా అనుకున్నాను. సంతకం పెట్టాను. ఆ పని చేయడానికి నాకు అర నిమిషం పట్టింది.

అర నిమిషంలో ఆ అబ్బాయికి ఇంజనీరింగు, ఫార్మసీ, బీఎస్సీ, పాలిటెక్నిక్ బోధన, సైన్సు పరిశోధన అన్నీ మూసుకుపోయాయి. వాణిజ్యశాస్త్రమూ పౌరశాస్త్రమూ తక్కువ చదువులని నేను అనడం లేదు. ఇష్టపడి వాటిలో చేరేవారు వేరు, సైన్సు గది తలుపు నుంచి వెనక్కి వచ్చి చేరేవారు వేరు. ఆ రెండో రకం పిల్లలు ఏ వాడల నుంచి, ఏ తండాల నుంచి వస్తున్నారో మా కళాశాల గుమాస్తాలకు కూడా తెలుసు. ఒక్క రిజిస్టరులోనూ ఆ సంగతి నమోదు కాదు. అక్కడ ఉండేది ‘గ్రూపు మార్పు’ అనే రెండు మాటలే.

నా గతం తెలిసిన మిత్రులు, నువ్వెలా సంతకం పెట్టావని అడుగుతారు. నేనూ హాస్టలు బిడ్డనే, తెలుగు మాధ్యమమే. ఇంటర్ దాకా తెలుగులో చదివి నగరంలోని ఒక కళాశాలలో ఇంగ్లీషు మాధ్యమం బీఎస్సీలో చేరినప్పుడు మొదటి మూడు నెలలు తరగతిలో నోరు తెరవలేదు. బయటపడ్డాను. బయటపడినవాడికి ఒక జబ్బు ఉంటుంది: నాకు వచ్చింది కదా, వీడికీ కావాలంటే వస్తుంది అనుకోవడం. నాకు ఎలా వచ్చిందో నేను ఆలోచించలేదు. నా గదిలో ఉండిన ఒక సీనియర్ ప్రతి రాత్రీ నా నోట్సు ముందేసుకొని ఒక్కో వాక్యాన్నీ తెలుగులోకి మార్చి చెప్పాడు. ఆ మనిషి దొరకకపోతే నేనూ ఒక తెల్లకాగితం రాసి ఉండేవాడిని. ఆయన దొరకడం నా అదృష్టమే తప్ప అందులో ఏ ప్రభుత్వ విధానమూ లేదు.

ఇంతకీ ఆ మూడు వారాల్లో ఏం జరుగుతుంది? ఇంటర్ మొదటి సంవత్సరం గణితం మొదటి పాఠం ‘ప్రమేయాలు’. పదో తరగతిలో లెక్క అంటే జవాబు రాబట్టడం. ఇక్కడ మొదటిరోజే నిర్వచనం, దాని వెంట సిద్ధాంతం, దాని వెంట ఉపపత్తి. జవాబు ఎక్కడ ఉందో పిల్లవాడికి కనబడదు. పైగా భాష మారింది. చాలామంది అనుకునేటట్టు పెద్ద పెద్ద పారిభాషిక పదాల దగ్గర పిల్లలు ఆగిపోరు. అవకలజాన్ని డెరివేటివ్ అంటారని, సదిశను వెక్టర్ అంటారని, మాత్రిక అంటే మ్యాట్రిక్స్ అని ఒక్క సాయంత్రంలో నేర్చుకుంటారు. వాళ్లను పడగొట్టేవి చిన్న మాటలు. లెట్, సచ్ దట్, ఫర్ ఎవ్రీ, దేర్ ఎగ్జిస్ట్స్, అట్ మోస్ట్, ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్. ‘అయితే’కూ ‘అయితేనే’కూ మధ్య తేడా తెలుగులో ఏ అవ్వకైనా తెలుసు, ‘నువ్వు వస్తే వస్తా’, ‘నువ్వు వస్తేనే వస్తా’ ఒకటి కాదని ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ జ్ఞానం పిల్లవాడి దగ్గర అప్పటికే ఉంది. బోర్డు మీది ఇంగ్లీషు వాక్యం అడుగుతున్నది తనకు తెలిసిన ఆ సంగతేనని చెప్పేవారే లేరు.

ఇప్పుడు ఊళ్లలోని ప్రభుత్వ బడులు కూడా ఇంగ్లీషు మాధ్యమంలోకి వచ్చేశాయి కదా, ఆ సమస్య తీరిపోయింది కదా అంటారు. ఇంగ్లీషు మాధ్యమాన్ని మన వర్గాలు కోరుకున్నాయి, కోరుకోవడం న్యాయమే. కానీ పాఠ్యపుస్తకంలో ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఇంకో భాషగా అచ్చువేసినంత మాత్రాన వంతెన పడలేదు. పిల్లవాడు తెలుగు పేజీలో అర్థం చేసుకుంటాడు, ఇంగ్లీషు పేజీని కంఠస్థం చేస్తాడు, పరీక్షలో రెండోది రాస్తాడు. రెండు పేజీలనూ కలిపే దారం అతడి తలలో ఏర్పడదు.

దాని కింద ఇంకో పొర ఉంది, చెప్పడానికి నాకే బాధగా ఉంటుంది. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల్లో కూడా చాలామంది భిన్నాన్ని భిన్నంతో భాగించమంటే తడబడతారు. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ విస్తరణలో మధ్య పదం మింగేస్తారు. దీనికి తెలివితేటలతో సంబంధం లేదు. ఎనిమిదో తరగతిలో గణిత ఉపాధ్యాయుడి పోస్టు ఖాళీ, తొమ్మిదిలో దసరా తర్వాత వచ్చిన విద్యా వాలంటీరు, పదిలో ఫలితాల శాతం కోసం వందరోజుల ప్రణాళిక. ఆ ప్రణాళికలో పిల్లలను ఏ, బీ, సీ గ్రేడులుగా విడదీస్తారు. సీ గ్రేడు పిల్లలకు ‘ఇవి చదివితే చాలు, గట్టెక్కుతావు’ అని పది పేజీలు చేతికిస్తారు. త్రికోణమితి వదిలెయ్, స్పర్శరేఖలు వదిలెయ్, గ్రాఫు ఒకటి గీయి. ఆ పిల్లవాడు గట్టెక్కుతాడు, బడి ఫలితమూ గట్టెక్కుతుంది. ఇంటర్ మొదటి సంవత్సరంలో అతడికి కావలసింది సరిగ్గా ఆ వదిలేసిన భాగమే. ఎవరు ఏ గ్రేడులో కూర్చుంటారో ఊరి పటం తెలిసినవారికి వివరించనక్కర్లేదు.

ప్రయోగశాల గురించి ఎక్కువ చెప్పను. మా దగ్గర చేరేవారిలో అధికభాగం వెర్నియర్ కాలిపర్స్‌ను పుస్తకంలో బొమ్మగానే చూసి ఉంటారు. ఇంటర్ ప్రాక్టికల్ పరీక్ష రెండో సంవత్సరం చివర ఎప్పుడో వస్తుంది కాబట్టి అప్పటిదాకా ఎవరికీ తొందర లేదు.

మన రాజకీయాలు సీట్లను లెక్కించడం బాగా నేర్చుకున్నాయి. అందులో తప్పు లేదు. లెక్కించకపోతే ఆ సీట్లు కూడా ఉండేవి కావు. ఐఐటీల్లో దళిత, ఆదివాసీ విద్యార్థులకు రిజర్వేషన్ 1973లో గానీ రాలేదు. కానీ సీటు వచ్చాక ఏమవుతున్నదన్న లెక్క మన దగ్గర లేదు. 2015లో ఐఐటీ రూర్కీ మొదటి సంవత్సరం విద్యార్థులను డెబ్బై మందికి పైగా గ్రేడులు తగ్గాయని ఒక్కసారిగా బయటకు పంపింది. వారిలో అత్యధికులు రిజర్వుడు వర్గాల పిల్లలు. కోర్టుల దాకా వెళ్లాక, దేశమంతా చర్చ జరిగాక మరో అవకాశం ఇచ్చారు. ఇక్కడి ఇంజనీరింగు కళాశాలల్లో బ్యాక్‌లాగుల బరువుతో మూడో ఏట, నాలుగో ఏట ఇంటికి వచ్చేసే పిల్లల గురించి ఏ చర్చా జరగదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కళాశాలకు చేరుతుంది, పట్టా పిల్లవాడికి చేరదు.

విచిత్రమేమిటంటే, దీనికి మందు ఏమిటో వ్యవస్థకు తెలియనిది కాదు. ఐఐటీల్లోనే ప్రిపరేటరీ కోర్సు అని ఒకటి ఉంది. రిజర్వుడు సీట్లు మిగిలినప్పుడు మరింత సడలించిన మార్కులతో కొందరిని తీసుకొని, ఏడాదిపాటు భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలూ ఇంగ్లీషూ నేర్పి, ఉత్తీర్ణులైతే మరుసటి ఏడు మొదటి సంవత్సరంలో చేర్చుకుంటారు. అంటే చదువుకు సిద్ధం కావడానికి సమయం కావాలని దేశంలోని అత్యున్నత సాంకేతిక సంస్థలే ఒప్పుకున్నాయి. ఆ సమయం గుప్పెడు మందికే దొరుకుతోంది.

2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ పెట్టినప్పుడు నాకు నిజంగా ఆశ కలిగింది. ప్రవేశ పరీక్ష లేదు. పదో తరగతి మార్కుల మీద, గ్రామీణ పిల్లలను నేరుగా తీసుకున్నారు. గ్రేడ్ పాయింట్ల కాలంలో ప్రభుత్వ బడి పిల్లలకు 0.4 పాయింట్లు అదనంగా కలిపారు. ముందు రెండేళ్లు అక్కడే ప్రీ యూనివర్సిటీ కోర్సు, ఆ తర్వాత నాలుగేళ్లు ఇంజనీరింగు. గ్రూపు మార్పు కాగితాలు లేవు, మధ్యలో కోచింగు దుకాణాలు లేవు. ఆలోచన అంత మంచిది. అయితే 2022 జూన్‌లో బాసర విద్యార్థులు ఎండనూ వాననూ లెక్కచేయకుండా రోజుల తరబడి కూర్చొని అడిగినవి ఏమిటి? శాశ్వత వైస్ చాన్స్‌లర్, అధ్యాపకులు, తినదగిన అన్నం. వంతెన కట్టి దానికి కాపలాదారును పెట్టడం మరచిన తీరు ఇది.

గురుకులాల గురించి కూడా ఒక మాట అనాలి. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల విద్య, ఎనభైల్లో ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారుల పట్టుదలతో దళితవాడల దాకా వచ్చింది. వాటి నుంచి ఐఐటీలకూ వైద్య కళాశాలలకూ వెళ్తున్న పిల్లలను చూస్తే గుండె నిండుతుంది. కానీ ప్రత్యేక శిక్షణ కేంద్రాలు ప్రవేశ పరీక్ష పెట్టి, ఇప్పటికే ముందున్నవారిని ఎంచుకొని ఇంకా ముందుకు పంపుతున్నాయి. అది జల్లెడ పని. జల్లెడ కింద పడినవారే ప్రతి జూలైలో నా దగ్గరకు తెల్లకాగితాలతో వస్తున్నారు. అదీగాక, ప్రవేశ పరీక్షకు తర్ఫీదు ఇవ్వడం, కళాశాల చదువుకు తయారు చేయడం ఒకటి కావు. నాలుగు జవాబుల్లో మూడింటిని కొట్టేసి ఒకదాన్ని పట్టుకోవడం మొదటి విద్య. పుస్తకంలో ఒక పేజీని ఎవరి సాయమూ లేకుండా గంటసేపు చదివి, అర్థం కాని చోటును వేలుపెట్టి చూపించగలగడం రెండోది. ర్యాంకు తెచ్చుకొని ఇంజనీరింగు మొదటి సెమిస్టరులో గణితం తప్పిన పిల్లలు నాకు ఫోన్ చేసి ఏడ్చిన రాత్రులు ఉన్నాయి.

ఆ అబ్బాయి వెళ్లిపోయిన రెండేళ్లకు మండల కేంద్రంలోని అంబేడ్కర్ భవనంలో వేసవి తరగతులు మొదలుపెట్టాం. నేను, ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు, డిగ్రీ చదువుతున్న కొందరు పూర్వ విద్యార్థులు. పదో తరగతి పరీక్షలు రాసినవారికి నలభై రోజులు. ఉదయం ఎనిమిది నుంచి ఒంటిగంట వరకు, తర్వాత అన్నం. మొదటి ఏడాది మేం చేసిన తప్పు ఏమిటంటే, భిన్నాల నుంచి మొదలుపెట్టాం. అయిదోరోజుకు సగంమంది రావడం మానేశారు. పిల్లలకు అవమానం వాసన తెలుస్తుంది.

నాకూ తెలిసి ఉండవలసింది. డిగ్రీలో మా కళాశాల నోటీసు బోర్డు మీద ‘ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు రెమిడియల్ తరగతులు’ అని కాగితం అంటించేవారు. ఆ గదిలోకి వెళ్లడమంటే కులం పేరు మెడలో వేసుకొని వరండా దాటడమే. నేను ఒక్కరోజూ వెళ్లలేదు. ఆ తరగతులు మంచివే అయి ఉండవచ్చు. గది ముందు రాసిన మాటే మమ్మల్ని ఆపింది.

తర్వాత యూరీ ట్రైస్మన్ అనే అమెరికన్ గణితశాస్త్రవేత్త చేసిన పని గురించి చదివాను. 1970ల చివర్లో ఆయన బర్కిలీలో పరిశోధక విద్యార్థి. కలనగణితంలో నల్లజాతి విద్యార్థులు ఎందుకు తప్పుతున్నారని అధ్యాపకులను అడిగితే శ్రద్ధ లేదని, పునాది లేదని, ఇంట్లో చదువు వాతావరణం లేదని చెప్పారట. మన స్టాఫ్ రూముల్లో రోజూ వినే మాటలే. ఆయన ఆ పిల్లల వెంట తిరిగి, వాళ్లు ఎలా చదువుతున్నారో కళ్లారా చూశాడు. అధ్యాపకుల ఊహలు నిలవలేదు. వాళ్లు కష్టపడుతున్నారు, కానీ ఒంటరిగా. చైనా సంతతి విద్యార్థులు పగలు విడిగా చదివి, సాయంత్రం కలిసి కూర్చొని ఒకరి లెక్కను మరొకరు దిద్దుకుంటున్నారు. ఆయన రెమిడియల్ తరగతి పెట్టలేదు. ప్రతిభావంతుల కోసమని చెప్పి, మామూలు కంటే కష్టమైన లెక్కలు ఇచ్చి, గుంపులుగా చేయించాడు. వెనుకబడినవారు అనుకున్నవాళ్లు ముందుకు వచ్చారు. నా సీనియర్ రాత్రిపూట గదిలో చేసినదీ ఇంచుమించు ఇదే.

రెండో వేసవి నుంచి మేం ప్రమేయాలతోనే మొదలుపెట్టాం. భిన్నాలు దారిలో అవసరమైనప్పుడు వచ్చాయి, ఎవరికీ చిన్నతనం కాలేదు. రెండు వరుసల నోటుపుస్తకం పెట్టించాం, ఎడమవైపు తెలుగు వాక్యం, కుడివైపు ఇంగ్లీషు వాక్యం. పదాలు కాదు, పూర్తి వాక్యాలు. అయిదుగురికి ఒక చాప, చాపకు ఒక కష్టమైన లెక్క. హాస్టలులో పిల్లలకు ట్రంకు పెట్టెలు ఇచ్చారనుకోండి. ప్రతి ఒక్కరికీ ఒక పెట్టె చెందితే అది ప్రమేయం. ఏ ఇద్దరికీ ఒకే పెట్టె రాకపోతే అన్వేకం. ఏ పెట్టే మిగిలిపోకపోతే సంగ్రస్తం.

ఒక ఏడు, అప్పటిదాకా నోరు విప్పని ఒక పిల్లవాడు చాప మీంచి లేచాడు. ‘మా తాత చెప్పేటోడు సార్. మా ఊరి హోటల్ల వాడోళ్లందరికీ ఒకటే గ్లాసు, బయట గూట్లె ఉండెనంట. మనోళ్లవరకే చూస్తే అది ప్రమేయమైతది గని అన్వేకం కాదు, అంతేనా?’ భవనంలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. అంతేనన్నాను, రుజువు రాయమన్నాను. వచ్చి రాశాడు: ఎక్స్, వై ఇద్దరు వేర్వేరు మనుషులు, ఇద్దరి ప్రతిబింబమూ ఒకటే, కాబట్టి అన్వేకం కాదు. నా ఉద్యోగ జీవితంలో విన్న ఉపపత్తుల్లో అంతకంటే శుద్ధమైనది లేదు.

అది రాసిన బోర్డు ముందు నిలబడి ఉండగా నాకు ధనంజయ్ కీర్ రాసిన అంబేడ్కర్ జీవితచరిత్రలోని సంఘటన గుర్తొచ్చింది. బొంబాయి బడిలో ఉపాధ్యాయుడు భీమ్‌ను లెక్క చేయడానికి నల్లబల్ల దగ్గరకు పిలిస్తే, దాని వెనుక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని పిల్లలు పరుగెత్తి వాటిని తీసేసుకున్నారు. ఇప్పుడు డబ్బాలు లేవు. కానీ పిల్లవాడిని నల్లబల్ల దాకా రాకుండా ఆపడానికి డబ్బాలే ఉండనక్కర్లేదని ఈ ఇరవై ఏళ్లలో తెలుసుకున్నాను.

ఈ తరగతులకు అడ్డంకి ఎప్పుడూ గణితం కాలేదు, కూలి అయింది. ఏప్రిల్, మే నెలల్లో పదిహేనేళ్ల పిల్లవాడు ఇంటికి ఎంతో కొంత తెస్తాడు. ‘నలభై దినాలు మీ కాడ కూసుంటే మాకేమొస్తది సారూ’ అని అడిగిన తల్లికి నా దగ్గర జవాబు లేదు. ఆడపిల్లల విషయంలో ఆ ప్రశ్న కూడా రాదు, నేరుగా పెళ్లి మాట వస్తుంది. పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనం 1944లో, అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఉన్న కాలంలో మొదలైంది. ఎనభై ఏళ్లు దాటాయి. కళాశాలలో చేరినవాడికి అది అందుతుంది, చేరడానికి సిద్ధమయ్యే నెలలకు పైసా లేదు. ఆ రెండు నెలలకు కూలితో సమానమైన భృతి ఇవ్వాలని అడుగుతున్నాను. ఇది దానధర్మం కాదు, ఉపకారవేతనాన్ని ముందుకు జరపడమే.

నా ఫిర్యాదు ప్రభుత్వం మీదే కాదు. మన సంఘాల డిమాండ్ల పత్రాల్లో మెస్ చార్జీలు ఉంటాయి, సొంత భవనాలు ఉంటాయి, బకాయిలు ఉంటాయి. గణిత ఉపాధ్యాయుడి ఖాళీ పోస్టు ఎప్పుడో ఒకసారి కనిపిస్తుంది. బీజగణితం ఎన్నడూ కనిపించదు. అరవైల్లో మిసిసిపీలో నల్లజాతి ప్రజలను ఓటర్లుగా నమోదు చేయించడానికి దెబ్బలు తిన్న రాబర్ట్ మోజెస్, 1982లో పౌరహక్కుల పనికి కొనసాగింపుగా బీజగణితం నేర్పడం మొదలుపెట్టాడు. ఓటు లేనివాడు నిన్న బయట ఉన్నాడు, బీజగణితం రానివాడు రేపు బయట ఉంటాడన్నది ఆయన వాదనకు సారాంశం. మన విద్యార్థి నాయకులకు ఇది చెబితే నవ్వుతారు. ‘సార్, ధర్నాలో వర్గ సమీకరణం ఏం నినాదమవుతుంది?’ అని ఒకరు అడిగారు. ఆ నవ్వులో నేనూ కలిశాను గానీ, అడిగిన అబ్బాయి ఎంపీసీ నుంచి సీఈసీకి మారినవాడే.

గత రెండేళ్లుగా గ్రూపు మార్పు దరఖాస్తు వస్తే నేను వెంటనే సంతకం పెట్టడం లేదు. దసరా సెలవుల దాకా ఆగు, అప్పటికీ అర్థం కాకపోతే పెడతానంటున్నాను. సాయంత్రం నాలుగు తర్వాత ఖాళీ గదిలో చాపలు వేస్తున్నాం. మార్పుకు గడువు అంతకు ముందే ముగుస్తుందని, అర్థం కానివాడు ఇరుక్కుపోతే బాధ్యత ఎవరిదని ప్రిన్సిపాల్ నన్ను అడిగారు. ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. గడువును సెప్టెంబరు చివరి దాకా పొడిగించమని పై అధికారులకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఈ జూలైలో వచ్చిన మూడు కాగితాలు నా సొరుగులో ఉన్నాయి. ముగ్గురూ సాయంత్రం తరగతికి వస్తున్నారు. ఒకరికి మాత్రం ఆఖరి బస్సు అయిదింటికే.